జిల్లా పరిషత్ స్థాయీ సంఘంలో సభ్యురాలు అడిగిన పని జరగాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: మెట్టసీమ

అందరికీ నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మెట్ట ప్రాంత మండలం నుంచి జడ్పీటీసీ సభ్యురాలిగా ఎన్నికయ్యాను. జిల్లా పరిషత్‌లో ఉన్న ఏడు స్థాయీ సంఘాలలో (స్టాండింగ్ కమిటీలలో) నాల్గవదైన విద్య, వైద్య సేవల సంఘంలో నాకు సభ్యత్వం ఇచ్చారు. సర్వసభ్య సమావేశంలో మాట్లాడే అవకాశం అందరికీ దొరకదు కాబట్టి, తక్కువ మంది కూర్చునే స్థాయీ సంఘంలోనైనా మా మండలం విషయాలు వివరంగా చర్చకు వస్తాయని ఆశించాను.

వాస్తవంగా జరుగుతున్నది వేరు. ఏడు సంఘాల సమావేశాలనూ ఒకే రోజున వరుసగా పెడతారు. మా సంఘం వంతు వచ్చేసరికి అధికారులు తమ శాఖ ప్రగతి నివేదికను చదివి వినిపిస్తారు, సభ్యులు తలా ఒక మాట అంటారు, అందరి మాటలకూ కలిపి పరిశీలిస్తామన్న సమాధానం వస్తుంది, అంతలో తరువాతి సంఘం సభ్యులు తలుపు దగ్గరకు చేరుకుంటారు.

మా మండలంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ను డెప్యుటేషన్‌పై వేరే ఆసుపత్రికి పంపారు. అప్పటి నుంచి గర్భిణులు హిమోగ్లోబిన్ పరీక్షకు కూడా ఆటో కట్టించుకుని పట్టణానికి వెళ్లవలసి వస్తున్నది. ఈ సంగతిని నేను ఒకటికి రెండుసార్లు సమావేశంలో లేవనెత్తాను. ఆ తరువాత మినిట్స్ (సమావేశపు రాతపూర్వక నమోదు) తెప్పించుకుని చూస్తే, "సభ్యురాలు ఆరోగ్య కేంద్రంలోని సమస్యలను ప్రస్తావించగా, తగు చర్య తీసుకోగలమని అధికారి తెలిపారు" అని మాత్రమే ఉంది. ఏ కేంద్రమో, ఏ సమస్యో అందులో లేదు. మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో రెండు తరగతి గదుల కప్పు కురుస్తున్న విషయానికీ ఇదే గతి పట్టింది.

స్థాయీ సంఘానికి నిజంగా ఉన్న అధికారం ఎంత? సభ్యురాలు సమావేశానికి ముందు, సమావేశంలో, సమావేశం తరువాత ఏం చేస్తే పని కదులుతుంది? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: పాత దస్త్రం

అమ్మా, నేను జిల్లా పరిషత్ కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేసి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. స్థాయీ సంఘాల అజెండాలు, మినిట్సు తయారుచేసే సెక్షన్‌లో కూడా ఉన్నాను కాబట్టి, బల్లకు అవతలి వైపు నుంచి తెలిసిన సంగతులు చెబుతాను.

ముందుగా, మీరు అడిగిన రెండు పనులూ ఒకే కోవకు చెందినవి కావు. ఉన్నత పాఠశాల భవనం జిల్లా పరిషత్ ఆస్తి. దాని మరమ్మతుకు నిధి కేటాయించడం, అంచనా వేయించడం, పని అప్పగించడం జిల్లా పరిషత్ చేతిలోని పనులే కాబట్టి, అక్కడ మీ సంఘం నిర్ణయం తీసుకోగలదు. ల్యాబ్ టెక్నీషియన్ మాత్రం వైద్య ఆరోగ్య శాఖ ఉద్యోగి. ఆయన డెప్యుటేషన్‌ను రద్దు చేసే అధికారం స్థాయీ సంఘానికి లేదు. సమీక్షించి, వివరణ అడిగి, రద్దు చేయవలసిందని సిఫారసు చేసే హక్కు మాత్రం ఉంది. సొంత పనిలో తీర్మానం అడగాలి. శాఖల పనిలో గడువుతో కూడిన సమాధానం అడగాలి. ఈ తేడాను పట్టించుకోకుండా అన్నింటినీ ఒకే గొంతుతో అడిగినప్పుడు, అన్నింటికీ ఒకే సమాధానం రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

రెండవది, నోటితో అడిగిన ప్రశ్నకు నోటితోనే జవాబు వస్తుంది. సమావేశపు నోటీసు అందిన వెంటనే మీ ప్రశ్నను తెల్లకాగితం మీద రాసి, ముఖ్య కార్యనిర్వహణాధికారి పేరున తపాలు విభాగంలో ఇచ్చి, మీ దగ్గరుంచుకునే నకలు మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించుకోండి. ప్రశ్న ఇలా ఉంటే చాలు: "ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మంజూరైన ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఎన్ని? ప్రస్తుతం పనిచేస్తున్నవారు ఎందరు? ఉన్నవారిని డెప్యుటేషన్‌పై పంపిన ఉత్తర్వు నంబరు, తేదీ, గడువు తెలుపగలరు. గడువు ముగిసి ఉంటే వెనక్కి పిలిపించకపోవడానికి కారణం తెలుపగలరు. గత ఆరు నెలల్లో ఆ కేంద్రంలో నెలవారీగా జరిగిన రక్తపరీక్షల సంఖ్య తెలుపగలరు." ఇందులో ఫిర్యాదు లేదు, ఆరోపణ లేదు, అయినా దీనికి "పరిశీలిస్తాం" అని జవాబు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. కాగితం సెక్షన్‌కు చేరాక సంబంధిత శాఖకు లేఖ వెళుతుంది, ఆ శాఖ గుమాస్తా దస్త్రం తీయక తప్పదు. చాలాసార్లు సమావేశం కంటే ముందే పని కదిలేది ఆ దస్త్రం తీసినప్పుడే.

మూడవది మినిట్సు. సమావేశం జరుగుతుండగా రాసుకునే గుమాస్తాకు వినిపించేది సారాంశమే తప్ప మీ మనసులోని వివరం కాదు. కాబట్టి చర్చ ముగిసే ముందు, "అధ్యక్షులవారు దయచేసి ఈ అంశాన్ని ఇలా నమోదు చేయించగలరు" అని రెండు వాక్యాలు నిదానంగా చదివి, ఆ కాగితాన్ని అక్కడికక్కడే సెక్షన్ వారికి ఇవ్వండి. కేంద్రం పేరు, అధికారి హోదా, తేదీ ఆ రెండు వాక్యాలలో తప్పకుండా ఉండాలి. తరువాతి సమావేశంలో మొదటి అంశంగా గత సమావేశ నిర్ణయాలపై తీసుకున్న చర్యల నివేదికను పెట్టమని అడగండి. ఆ నివేదికను సభ్యులు పట్టుబట్టి చదివించే జిల్లా పరిషత్‌లలో పని తీరే వేరుగా ఉంటుంది. పట్టించుకోని చోట దానిని అజెండాకు అనుబంధంగా కుట్టి వదిలేస్తారు.

ఒక పాత సంగతి కూడా చెప్పాలి. 1959లో షాద్‌నగర్‌లో మన రాష్ట్రపు పంచాయతీరాజ్ మొదలైనప్పుడు, నాటి చట్టం ప్రకారం జిల్లా పరిషత్ స్థాయీ సంఘాలన్నిటికీ కలెక్టరే అధ్యక్షుడు. అందుచేత సంఘంలో అన్న మాట ఆ క్షణమే ఉత్తర్వుగా వెళ్లేది, కాని ఆ మాట ఎన్నికైనవారిది కాదు. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, విద్య-వైద్యం, పనులు అనే నాలుగు సంఘాలకు జిల్లా పరిషత్ చైర్‌పర్సన్, వ్యవసాయ సంఘానికి వైస్ చైర్‌పర్సన్ అధ్యక్షత వహిస్తున్నారు. కుర్చీ ప్రజాప్రతినిధికి వచ్చింది, ఉత్తర్వు ఇచ్చే కలం మాత్రం శాఖల దగ్గరే ఉండిపోయింది. ఈ రెండింటి మధ్య దూరాన్ని రాతపూర్వకంగా వెంటపడడంతోనే పూడ్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

సమాధానం: ఏటిగట్టు

పై పెద్దలు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను గతంలో జడ్పీటీసీ సభ్యుడిగా ఏడవదైన పనుల సంఘంలో ఉన్నాను. పాఠశాల కప్పు విషయంలో నాకు తెలిసిన దారి చెబుతాను.

విద్య, వైద్య సంఘంలో మీరు ఎంత గట్టిగా అడిగినా, డబ్బు మాట్లాడేది మొదటిదైన ప్రణాళిక-ఆర్థిక సంఘంలో, పని మాట్లాడేది ఏడవ సంఘంలో. కాబట్టి మీ సంఘంలో "ఫలానా పాఠశాల గదుల మరమ్మతును ప్రాధాన్య పనిగా గుర్తించి, అంచనా కోసం పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానికి పంపవలసిందిగా" తీర్మానం చేయించండి. ఆ తరువాత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని స్వయంగా పాఠశాలకు పిలిపించి, వర్షాకాలం వెళ్లకముందే కొలతలు తీయించండి. ఎండాకాలంలో చూసిన ఇంజినీరుకు గోడ మీద మరక కనిపిస్తుంది గాని, పిల్లలు బల్లలను ఏ మూలకు జరుపుకొని కూర్చుంటున్నారో కనిపించదు. అంచనా కాగితం చేతికి వచ్చిన తరువాత మొదటి, ఏడవ సంఘాల్లో ఉన్న మీ పక్క మండలాల సభ్యులకు దాని నకళ్లు ఇవ్వండి. మన మండలం పని మన నోటి నుంచి వస్తే కోరిక అవుతుంది, అదే మరో మండలం సభ్యుడి నోటి నుంచి వస్తే జిల్లా సమస్య అవుతుంది. పార్టీ ఏదన్నది ఇక్కడ అడ్డు రానివ్వకండి. కురుస్తున్న కప్పు అన్ని పార్టీల మండలాల్లోనూ ఉంటుంది.

డబ్బు గురించి ఒక మాట. జిల్లా పరిషత్ సాధారణ నిధుల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, మహిళా శిశు సంక్షేమానికి 15 శాతం విడిగా కేటాయించాలన్న నియమం ఉంది. బడ్జెట్ పుస్తకంలో ఈ కేటాయింపులు ప్రతి ఏటా పద్ధతిగానే కనిపిస్తాయి. అడగవలసింది కేటాయింపు గురించి కాదు, గత సంవత్సరం ఆ పద్దు కింద ఖర్చయినది ఎంత, మిగిలినది ఈ సంవత్సరానికి కలిపారా లేదా అన్నది. ఐదవదైన మహిళా సంక్షేమ, ఆరవదైన సాంఘిక సంక్షేమ సంఘాల్లో ఉన్న మీ తోటి సభ్యులను ఈ రెండు ప్రశ్నలు రాసి ఇమ్మనండి. బాలికల మరుగుదొడ్ల వంటి పనులు ఆ పద్దులో పట్టే అవకాశం ఉందేమో లెక్కల విభాగం వారితో కూర్చుని చూసుకోవచ్చు.

పాఠశాలకు తాగునీటి సమస్య కూడా ఉంటే దాన్ని వేరుగా అడగండి. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 2021-22 నుంచి 2025-26 వరకు 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపెట్టారు. భవనం మరమ్మతుకు అవి పనికిరావు, నీటికి పనికివస్తాయి. రెండింటినీ ఒకే అర్జీలో కలిపి రాస్తే ఆ అర్జీ రెండు సెక్షన్ల మధ్య తిరుగుతూ ఉండిపోతుంది.

సమాధానం: నీటి శాఖ ఉద్యోగి

నేను స్థాయీ సంఘ సమావేశాలకు శాఖ తరఫున హాజరయ్యే ఇంజినీరును. సభ్యులు మమ్మల్ని తప్పించుకునేవారిగా చూడడం సహజమే అయినా, అధికారి వైపు పరిస్థితిని కూడా తెలుసుకుంటే మీ ప్రశ్నలు మరింత పదునెక్కుతాయని రాస్తున్నాను.

సమావేశానికి బయలుదేరేటప్పుడు మా దగ్గర ఉండేది జిల్లా మొత్తానికి సంబంధించిన ప్రగతి పట్టిక. ఒక మండలంలో ఒక ఊరి పంపు గురించి అప్పటికప్పుడు అడిగితే మాకు తెలిసే అవకాశం నిజంగానే తక్కువ. ఫోనులో కింది ఉద్యోగిని అడిగితే అతడు చెప్పేది సగం నిజం. ముందుగా రాతలో వచ్చిన ప్రశ్నకు మాత్రం మేము డివిజన్ నుంచి సంతకంతో కూడిన సమాధానం తెప్పించుకుని వస్తాం, ఎందుకంటే ఆ జవాబు తప్పని తేలితే సంతకం చేసినవారు బాధ్యులవుతారు. జిల్లా అధికారికి బదులు కింది స్థాయి అధికారి వచ్చినప్పుడు, ఆయన ఏ హోదాలో వచ్చారో, మాట ఇవ్వగల అధికారం ఉన్నదో లేదో మినిట్సులో రాయించండి. అలా ఒకసారి నమోదైన తరువాత, తదుపరి సమావేశానికి జిల్లా అధికారే రావడం నేను గమనించాను.

మరొక మాట గౌరవంతో చెబుతున్నాను. ఫలానా వ్యక్తిని ఫలానా చోటుకు వేయమని అడిగే సభ్యుల మాటకు శాఖల్లో విలువ త్వరగా తగ్గిపోతుంది. పోస్టు నింపమని అడగండి, అందులో ఎవరు ఉండాలో శాఖకు వదిలేయండి. మీ ప్రశ్నలో మీరు ఆ గీత దాటలేదు, అది మంచి విషయం.

సమాధానం: గ్రామ స్వరాజ్యం

ఈ సలహాలన్నీ మంచివే, కాని అసలు జబ్బును ఎవరూ ముట్టుకోలేదు. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలను 29గా పేర్కొన్నారు. విద్య, ఆరోగ్యం, తాగునీరు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అయితే వాటిని అప్పగించే అధికారాన్ని రాష్ట్ర శాసనసభలకే వదిలినందువల్ల, అంశాలు కాగితం మీద వచ్చాయి గాని, ఉద్యోగులు, నిధులు శాఖల దగ్గరే ఉండిపోయాయి. ఒక ల్యాబ్ టెక్నీషియన్‌ను వెనక్కి రప్పించడానికి జిల్లా పరిషత్ సభ్యురాలు ఇన్ని కాగితాలు రాయవలసి రావడమే ఆ వైఫల్యానికి నిదర్శనం. నా దృష్టిలో ఆమె సోమవారం నాడు కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే ఇంతకంటే త్వరగా పని జరుగుతుంది. స్థాయీ సంఘానికి ఉద్యోగుల మీద, నిధుల మీద అధికారం ఇచ్చేదాకా ఈ సమావేశాలు చదివి వినిపించే కార్యక్రమాలుగానే మిగులుతాయి.

సమాధానం: ఏటిగట్టు

మీరు చెప్పిన మూలకారణాన్ని కాదనలేను. అధికారాల బదలాయింపు కోసం సభ్యులందరూ సర్వసభ్య సమావేశంలో తీర్మానాలు చేసి ప్రభుత్వానికి పంపవలసిందే. సోమవారపు అర్జీ విషయంలో మాత్రం విభేదిస్తున్నాను. అర్జీ ఇచ్చేవారు పౌరులుగా తమ ఊరి పని ఒక్కటి అడుగుతారు. అదే పని స్థాయీ సంఘంలో ప్రశ్నగా వస్తే, జిల్లా మొత్తంలో ఇలా డెప్యుటేషన్‌పై వెళ్లినవారెందరు, ఖాళీ అయిన కేంద్రాలెన్ని అనే పట్టిక బయటపడుతుంది. ఆ పట్టికను అడిగే హోదా సభ్యురాలికి ఉంది. దాన్ని వదులుకుని వరుసలో నిలబడి అర్జీ ఇవ్వడం వల్ల మెట్టసీమ గారి మండలానికి ఒక టెక్నీషియన్ రావచ్చు గాని, పక్క మండలం నుంచి మరొకరు వెళ్లిపోతారు. సహజంగా జరిగేది అదే, ఎందుకంటే డెప్యుటేషన్ అనేది ఉన్నవారిని అటూ ఇటూ జరపడమే తప్ప కొత్తవారిని నియమించడం కాదు.

ప్రశ్న అడిగినవారు: మెట్టసీమ

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ల్యాబ్ టెక్నీషియన్ విషయంలో ప్రశ్నను పాత దస్త్రం గారు చూపిన పద్ధతిలో రాసి, జిల్లా పట్టికను కూడా కోరుతూ తపాలులో ఇవ్వబోతున్నాను. పాఠశాల విషయంలో ఏఈ గారితో మాట్లాడాను, కొలతలకు వస్తామన్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినా జిల్లా పరిషత్ మాత్రం ఉమ్మడి జిల్లా పరిధిలోనే కొనసాగింది కాబట్టి, మా సంఘానికి ఒకే శాఖ నుంచి ఒకరికి మించి జిల్లా అధికారులు వస్తున్నారు. మా ఆరోగ్య కేంద్రం కొత్త జిల్లాలో ఉంది, టెక్నీషియన్‌ను పంపిన ఆసుపత్రి పాత జిల్లా కేంద్రంలో ఉంది. ఒకరిని అడిగితే ఉత్తర్వు తమది కాదంటారు, మరొకరిని అడిగితే కేంద్రం తమది కాదంటారు. ప్రశ్నను ఎవరికి ఉద్దేశించి రాయాలి?

సమాధానం: పాత దస్త్రం

అమ్మా, ప్రశ్నను ఏ శాఖాధికారికీ నేరుగా రాయకండి. మీరు జిల్లా పరిషత్ సభ్యురాలు కాబట్టి మీ కాగితం ముఖ్య కార్యనిర్వహణాధికారికే వెళ్లాలి. అందులో చివరి పేరాగా, "ఈ అంశం ఇద్దరు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారుల పరిధికి సంబంధించినందున, ఇద్దరి నుంచీ విడివిడిగా రాతపూర్వక సమాధానం తెప్పించి, సమావేశంలో ఒకేచోట ఉంచవలసిందిగా కోరుతున్నాను" అని చేర్చండి. రెండు సమాధానాలు పక్కపక్కన కనిపించినప్పుడు, ఎవరు ఎవరి మీదికి తోస్తున్నారన్నది అధ్యక్షస్థానంలో ఉన్నవారికి మీరు చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది.

ఉత్తర్వు తేదీని తప్పకుండా చూడండి. జిల్లాల విభజనకు ముందు ఇచ్చిన డెప్యుటేషన్ అయితే, అప్పుడు రెండు చోట్లూ ఒకే అధికారి కింద ఉండేవి. ఇప్పుడు పంపిన చోటు ఒకరి కింద, చేరిన చోటు మరొకరి కింద ఉన్నందున, ఏ ఒక్కరూ తమంతట తాము వెనక్కి పిలిపించడానికి జంకుతారు. అటువంటి సందర్భంలో ఇద్దరి మీదా అధికారం ఉన్న ప్రాంతీయ సంచాలకుల కార్యాలయానికి సిఫారసు పంపవలసిందిగా సంఘం తీర్మానించాలి. తీర్మానం ముసాయిదాను మీరే రాసుకుని వెళ్లండి. దానికి ఆరోగ్య కేంద్రం పరిధిలోని గ్రామాల జాబితా, జనాభా, గత ఆరు నెలల్లో పరీక్షల కోసం బయటికి పంపిన గర్భిణుల సంఖ్య జతచేయండి. ఆ సంఖ్యను మీ ఊరి ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల రిజిస్టర్ల నుంచి వైద్యాధికారి గారి సంతకంతో తీసుకోవచ్చు, పేర్లు మాత్రం వద్దు. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది ప్రమాణం కాబట్టి, మీ కేంద్రం పరిధి జనాభా అంతకంటే ఎక్కువగా ఉంటే ఆ మాటను కూడా తీర్మానంలో మొదటి వాక్యంగానే రాయండి.

తీర్మానం ప్రతి మీద ముఖ్య కార్యనిర్వహణాధికారి సంతకం అయ్యాక, దాన్ని పంపిన లేఖ డిస్పాచ్ నంబరు అడిగి తీసుకోండి. తరువాతి సమావేశం వరకూ ఆగకుండా, రెండు మూడు వారాల తరువాత ఆ నంబరుతో ప్రాంతీయ కార్యాలయానికి ఫోను చేస్తే, మీ లేఖ ఏ గుమాస్తా బల్ల మీద ఉన్నదో వారు చెప్పగలుగుతారు.